జెస్సికా బడి, రాజశేఖర్ బడితె

బోర్డు మీద ర్యాంకులు, లోపల రంకెలు. టెక్నో స్కూలంటే టెంకిజెల్లల స్కూలని మెట్లెక్కుతుండగానే తెలిసిపోయింది. పై అంతస్తులో ఎవరి వీపో మోగింది, వెంటనే ఎక్కాలు మొదలయ్యాయి. నంద్యాలలో పేరున్న క్యాంపస్సే, కానీ ఆడుకోవడానికి కంపాస్ పెట్టెంత చోటు కూడా లేదు.

జీవన్ కుమార్ ఆళ్లగడ్డలో ట్రాక్టర్ల మెకానిక్కు. కూతురు జెస్సికాను ఆరో తరగతికి ఇక్కడి హాస్టల్లో వేయాలని అతని పంతం. భార్య షాలినికి ఇష్టం లేదు.

"గవర్నమెంటు ఇస్కూల్లో బాగనే చదువుతాండాది గదా. ఈడెందుకు?"

"ఆడ దెబ్బ లేదు, భయం లేదు. దెబ్బలు పడినందుకే నాకు గేరుబాక్సు ఇప్పేది వచ్చింది."

"ఆ దెబ్బల్లోనే నీ రివర్సు గేరు ఇరిగిపోయినట్టుండాది."

ఇన్‌చార్జి రాజశేఖర్ చార్జింగు ఎక్కువైన మనిషి. కూర్చున్నా కాలు ఆడుతూనే ఉంది. బల్ల మీద గ్యాసు పైపు ముక్క ఉంది. దాన్ని చూసి జెస్సికా తల్లి కొంగు పట్టుకుంది.

"ఇదేంది సార్?" అంది షాలిని.

"మోటివేషన్, మేడమ్."

"మా పాప ఊరికే డౌట్లు అడుగుతాంటాది సార్."

"ఈడ అడిగేది మేము."

జీవన్ కుమార్ లేచి చేతులు కట్టుకున్నాడు. పిల్లను బళ్లో వేసేటప్పుడు ఇంటి పెద్ద అనే మాటొకటుంది. వాళ్ల నాయన అన్నదే, ఆ నాయన నాయనా అన్నదే. వచ్చినవాళ్లను కాఫీ తాగుతారా అన్నట్టు, మర్యాదకనే మాట.

"కండ్లు రెండూ మాకిడిసి, తోలు మీరు తీస్కోండి సార్."

రాజశేఖర్ నవ్వి పైపందుకున్నాడు. జెస్సికా మూలనున్న చేపల తొట్టిని చూస్తోంది.

"నేను మాట్లాడ్తాంటే యాడ చూస్తాండావ్?"

పైపు పిల్ల పిక్కల మీద పడింది. మొదటి దెబ్బకు జెస్సికాకు అరుపు రాలేదు. రెండోదానికి వచ్చింది.

షాలిని చేతిలోని స్టీలు నీళ్ల సీసా రాజశేఖర్ ముక్కు మీద దిగింది. అడ్మిషన్ కాగితం ఎర్రసిరాతో దిద్దినట్టయింది. ఇద్దరు వాచ్‌మెన్లు దూకారు. ఒకడు షాలిని జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. అంతవరకూ కట్టుకున్న చేతులు విప్పని జీవన్ కుమార్ అప్పుడు కదిలాడు. బోల్టు తిప్పినట్టు వాడి చేతిని తిప్పితే ఎముక పటుక్కుమంది. తొట్టి పగిలి, చేపలు నేల మీద కొట్టుకున్నాయి. రెండోవాడి పిడికిలికి జీవన్ కుమార్ పన్ను ఊడింది.

"నువ్వే గదప్పా తోలు తియ్యమంటివి!" ముక్కు పట్టుకుని అరిచాడు రాజశేఖర్. "ఇప్పుడేందీ నాటకం?"

"అది... ఊరికే అనే మాట సార్." జీవన్ కుమార్ నెత్తురు ఉమ్మాడు. "అందరూ అంటారు."

"అందరి పిల్లోళ్లకీ తీస్తాండాం మరి!"

జీవన్ కుమార్ అతని చేతిలోని పైపు లాక్కుని కిటికీలోంచి విసిరేశాడు. పిల్లను ఎత్తుకోబోతే, తల్లి వెనక్కి వెళ్లి నక్కింది జెస్సికా.

ఆళ్లగడ్డ బస్సులో షాలిని నుదుటికి చేతిగుడ్డ అదుముకుని కూర్చుంది. జెస్సికా కిటికీ పక్కన కూర్చుంది.

"ఆ ఇస్కూలు వద్దులేమ్మా," అన్నాడు వాచిన మూతితో. "మీ అమ్మ చెప్పినట్టే, మనూర్లోనే చదువుకో."

పిల్ల తలూపింది. ఎండ ఆమె ముఖానే కొడుతోంది. కిటికీ రెక్క దించుదామని జీవన్ కుమార్ చెయ్యెత్తాడు. జెస్సికా ఇంట్లో చేసినట్టే రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుని ముడుచుకుపోయింది.

ఎత్తిన చెయ్యి ఎలా దించాలో అతనికి తెలియలేదు.