ఇళ్లు: సున్నా

పంచాయతీ గోడకి జిల్లా ఆఫీసు సాహెబ్ పటం బిగించాడు. కచ్ రణ్‌లో మేం ఉప్పు పండించే నేల అది. దాని మీద మూడు ఎర్ర చుక్కలు. రసాయన ఫ్యాక్టరీల విషపు బురద పూడ్చే గుంతకి పనికొచ్చే చోట్లట.

"ఖర్చు, రోడ్డు, జనం. వెయ్యి చోట్లు చూసి కంప్యూటర్ మిగిల్చినవి ఈ మూడు. దేన్నైనా ఒక విషయంలో బాగుచేద్దామంటే ఇంకోటి చెడాల్సిందే. ఇంటికి అర కిలోమీటరు లోపల గుంత పెట్టకూడదని రూలు. ఇక్కడ ఇళ్లు సున్నా. ఒకటి మీరే ఎంచుకోండి" అన్నాడు.

"రెండోది పెట్టు సాహెబ్. అక్కడ ఆ మియాణా కులంవాళ్లే ఉంటారు" అన్నాడు మా వైపు తేజాభాయ్.

"నీ గుడిసె కిందే పెట్టిస్తా. ఉప్పుతో పాటు నువ్వూ ఊరతావ్" అన్నాడు మియాణాల పెద్ద జుమా కాకా.

చొక్కాలు పట్టుకున్నారు. సాహెబ్ టీ తాగుతూ కూర్చున్నాడు. వాడికి కావలసిందదే.

నేను తలెత్తలేదు. ఆ సున్నా నా నోటి నుంచి వచ్చింది. వానాకాలం రణ్ మునుగుతుంది. గుడిసెలు ఊడదీసి, కర్రలూ గోనెలూ మోసుకుని ఊళ్లోకొస్తాం. సరిగ్గా అప్పుడొచ్చాడు సర్వేవాడు. "లోపల ఎవరైనా ఉంటున్నారా?" అనడిగాడు. "ఇప్పుడెవరుంటారు భాయ్" అన్నాను. మూడో తరగతితో బడి మానినవాణ్ణి, అడిగినదానికే జవాబు చెప్పాను. మిగతా ఎనిమిది నెలల సంగతి వాడు అడగలేదు. అడగక్కర్లేకుండా ఉండాలనే వానల్లో వచ్చాడు.

లేచి ఆ మాట అందరికీ చెప్పాను. జుమా కాకా నా కాళ్ల దగ్గర ఉమ్మాడు.

"ఉమ్మింది చాల్లే కాకా" అంది జీవుబెన్. ఇద్దరు కూతుళ్లతో ఒంటరిగా ఉప్పుమడి తొక్కే మనిషి. "చెడే ఆ ఇంకోటి ఎప్పుడూ మేమేనా సాహెబ్? నీ బంగళా చోటు ఆ కంప్యూటర్‌కి చూపించావా?" అని మా వైపు తిరిగింది. " మనలో ఎవర్ని పూడ్చాలో మనల్నే చెప్పమంటున్నాడు, మీరు చెప్తున్నారు. రూలు విన్నారుగా. ఇల్లుంటే గుంత లేదు. ఈసారి ఎవడి మడికి వాడు పోవద్దు, అందరం ఈ చుక్కల మీదే గుడిసెలు వేద్దాం."

"మడి తవ్వకపోతే తినేదేంటి బెన్?" అన్నాడు తేజాభాయ్.

"సగం రొట్టె. మన ఉప్పునీటి బావుల్లోకి విషం దిగితే ఆ సగమూ ఉండదు."

వానలు ఆగి నీళ్లు పూర్తిగా ఇంకకముందే మోకాళ్ల బురదలో దిగాం. మూడు చుక్కల మీదా కలిపి నూట ఇరవై గుడిసెలు. రెండో చుక్క మీద తేజాభాయ్ గుడిసె, జుమా కాకా గుడిసె ఒకే కర్రకి ఆనుకున్నాయి.

పోలీసులు వచ్చి పీకేశారు. సాయంత్రానికి మళ్లీ లేపాం. గుడిసె ఊడదీయడం, వేయడం మాకు పుట్టినప్పట్నించీ ఉన్న పనే. మూడోసారి పీకినప్పుడు జీవుబెన్‌ని లాఠీలతో కొట్టి వ్యానులో పడేశారు.

వ్యాను లేపిన దుమ్ము అణగకముందే ఆమె పెద్ద కూతురు కర్ర పాతింది. పై కొస కదలకుండా నేను పట్టుకున్నాను. ఇళ్లు మళ్లీ లెక్కపెట్టడానికొచ్చిన సర్వేవాడు పుస్తకం పట్టుకుని నిలబడ్డాడు, పోలీసుల వెనక.

"ఇప్పుడడగరా" అన్నాను. "లోపల ఎవరైనా ఉంటున్నారా అని అడుగు."

వాడు పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు. వాడి చుట్టూ కర్ర మీద కర్ర నేలలోకి దిగుతోంది.