కాళ్లు పట్టుకునేవాడు

"గట్టిగా పట్టుకో స్తోత్రం, జారిపోతున్నాడు," అన్నాడు ఇన్‌స్పెక్టరు, లాఠీ చెయ్యి మార్చుకుంటూ.

హెడ్‌కానిస్టేబులు మోకాళ్ల మీద కూర్చుని, ఆ రెండు చీలమండలనూ చంకలో ఇరికించుకుని పట్టు బిగించాడు. స్టేషనులో అతని పని ఇదే. చేరిన కొత్తలో ఒళ్లు దిట్టంగా ఉందని ఎవరో పురమాయించారు. ఒళ్లు వడిలిపోయినా పని మాత్రం అతన్ని వదల్లేదు. అన్నం ముందు కళ్లు మూసుకుని 'స్తోత్రం' అంటాడని తోటివాళ్లు పెట్టిన పేరూ అలాగే అతుక్కుపోయింది.

లాఠీ అరికాళ్ల మీద పడింది. ఆ అదురు ఎముకల వెంట పాకి వచ్చి హెడ్డు డొక్కలో తగిలింది.

దెబ్బలు తింటున్నది చర్చిలో గంట కొట్టే ముసలాయన. మొన్న పాస్టరుగారు తన గదిలో, కొవ్వొత్తులు పెట్టే ఇత్తడి స్తంభం దెబ్బలకు తల పగిలి చచ్చిపడి ఉన్నాడు. అంతకు ముందురోజే ముసలాయన ఆయనతో వరండాలో గొడవపడటం సంఘమంతా చూసింది. ఇన్‌స్పెక్టరుకు అంతకంటే అక్కర్లేకపోయింది.

"గొడవ దేనికిరా?"

"అది మాత్రం చెప్పను బాబూ." చీలిన పెదవి మీంచి నెత్తురు గడ్డం మీదికి కారింది. "చంపింది నేను కాదు."

హెడ్డుకు అదే మింగుడుపడలేదు. అబద్ధమాడేవాడైతే ఏదో ఒక గొడవ అల్లి చెప్పొచ్చు. ఇన్ని దెబ్బలు తింటూ ఒక్క మాట దాచాడంటే, ఆ మాట ఇంకెవరిదో అయి ఉండాలి.

మధ్యాహ్నం, పాస్టరు గది తాళంచెవి తెమ్మని అతన్ని వాళ్లింటికి పంపారు. కడిగిన నేల ఫినాయిలు వాసన కొడుతోంది. పాస్టరమ్మ మేకుకున్న తాళంచెవి కోసం చెయ్యెత్తింది. నిండు చేతుల జాకెట్టు పైకి జరిగింది. మోచేతి దాకా వేళ్ల అచ్చులు, పాత పసుపు మీద కొత్త నీలం. మోచేతి దగ్గర ఇస్త్రీపెట్టె మొనతో కాల్చిన మచ్చ. తలుపు చాటునుంచి ఒక పాప తొంగిచూసింది. దాని ముఖం ఒకవైపంతా వాచి ఉంది.

"ఎవరు చేశారమ్మగారూ ఇది?" అన్నాడు హెడ్డు.

ఆమె గోడకు చేరగిలబడింది. "ఆదివారానికి ప్రసంగం రాసుకుంటున్నారు అన్నయ్యా. క్షమాపణ మీద. ఇది ఏడుస్తోందని జుట్టు పట్టుకుని బల్లకేసి కొట్టారు. ఆ స్తంభం నా చేతికందింది. కొట్టాను. పడ్డాక కూడా కొట్టాను."

"మరి ఆ ముసలాయన గొడవ?"

"నా అరుపులు విన్నాడు. ఇంకోసారి చెయ్యెత్తితే సంఘంలో నిలబెట్టి అడుగుతానన్నాడు ఆయన్ని. ఇప్పుడది చెబితే మీ చూపు నామీదికి మళ్లుతుందని నోరు మెదపట్లేదు."

హెడ్డు 'నడవండి' అనాలి. పాపను చూసి ఆగిపోయాడు.

"దీన్ని మా అక్కకు అప్పజెప్పి, సాయంత్రం నా అంతట నేనే వస్తాను. అంతవరకూ ఎవరికీ చెప్పకన్నయ్యా."

పాప వాళ్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుని అతన్నే చూస్తోంది. "సాయంత్రం దాకా," అన్నాడు హెడ్డు.

స్టేషనులో అతన్ని చూడగానే ఇన్‌స్పెక్టరు చొక్కా చేతులు మడిచాడు. "రా, పట్టుకో."

"వీడు కాదు సార్."

"మరెవడు?"

"సాయంత్రం దాకా ఆగండి."

"ఏం, సాయంత్రం మీ దేవుడు దిగొచ్చి సాక్ష్యం చెబుతాడా? పట్టుకో."

"పట్టుకోను సార్."

ఇన్నేళ్లలో అతను ఆ మాట అనడం అదే మొదలు. అది విని ఇన్‌స్పెక్టరుకు ఒళ్లు మండిపోయింది. పట్టుకునేవాడు లేక ముసలాయన పొర్లాడు. అరికాళ్ల మీద పడాల్సిన దెబ్బలు వీపున, డొక్కల్లో, చెవి వెనక పడ్డాయి. హెడ్డు అడ్డంపడ్డాడు. మణికట్టు దగ్గర ఎముక విరిగిన చప్పుడు అతనికే వినిపించింది. ఇద్దరు పోలీసులు అతన్ని ఈడ్చి బయట పడేసి గడియ పెట్టారు.

తలుపు బాదుతూ అరిచాడు. పాస్టరమ్మ మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆ వెంటే పాప ముఖం కళ్లముందు కదిలింది. ఇంకాసేపే కదా అనుకుని మింగేశాడు. కొంతసేపటికి లోపల దెబ్బల చప్పుడు ఆగింది. ఇన్‌స్పెక్టరు అలిసిపోయాడనుకున్నాడు.

గడియ తీశాక, గోడవైపు తిరిగి పడుకున్న ముసలాయన పక్కన కూర్చుని, మంచి చేత్తో నీళ్లు పట్టాడు. నీళ్లు పెదవి వారనుంచి నేల మీదికి పోయాయి. ముసలాయన ఏదో అనబోయినట్టు ఒక్క ఊపిరి వదిలాడు. మళ్లీ తీసుకోలేదు.

"గుండె ఆగి పోయాడందాం," అన్నాడు ఇన్‌స్పెక్టరు గొంతు తగ్గించి.

"నేను చూసింది చెబుతాను సార్. నేను చేసింది కూడా."

ఎండ ఇంకా గుమ్మంలో ఉండగానే ఆమె వచ్చింది. జరిగిందంతా ఇన్‌స్పెక్టరు ఎదుట నిలబడి తడబడకుండా చెప్పింది. చివర్న, "ఇక ఆయన్ని వదిలేస్తారుగా?" అంది.

హెడ్డు వాచిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని తలెత్తాడు. "మీరు చెప్పిన వేళకే వచ్చారమ్మా," అన్నాడు. "నేనే..."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆడ పోలీసు వచ్చి భుజం పట్టి లోపలికి తీసుకుపోయింది. ముసలాయన కోసం ఆమె తెచ్చిన అన్నం క్యారియరు కిటికీ గట్టు మీదే ఉండిపోయింది. దాని మూత అంచున ఇంకా ఆవిరి చెమర్చి ఉంది.