అడిగితేనే ఔటు

అద్దం అంచును సానరాయి మీద అరగదీస్తూనే అద్దాలాయన భార్యకు పాఠం చెబుతున్నాడు. కళ్లజోళ్ల దుకాణంలో పని కాబట్టి ఆయనకా పేరు. తీరిక వేళల్లో సాఫ్ట్‌బాల్ అంపైరు కూడా. "ముందు నువ్వు పెట్టుకో జోడు" అని జనం చేత తిట్టించుకోవడానికి ఇంతకన్నా అనువైన ఉద్యోగం మరొకటి ఉండదు.

"జనం అరిచే మాటలు పట్టుకుని రూల్ పుస్తకంలో వెతికితే ఏమీ దొరకదు," అన్నాడు. "బంతీ మనిషీ ఒక్కసారే చేరితే పరుగెత్తినవాళ్లదే గెలుపంటారు. కొత్తలో ఆ రూలు కోసం అట్ట నుంచి అట్ట దాకా తిరగేశాను. ఉంటేగా. ముందు మాటకి అర్థం చూడాలి, తర్వాత రూలు, దాని కింద ఫలితం. ఆ మూడూ కలిస్తేనే తీర్పు."

"పరుగెత్తేవాళ్లు దారిలో ఒక బేస్ తొక్కకుండా పోతే?" అని అడిగింది, తెచ్చిన క్యారేజీ విప్పుతూ.

"చూసినా నోరు మెదపకూడదు. అవతలి జట్టు అడగాలి. ఎవరు తొక్కలేదో, ఏ బేసో చెప్పి మరీ అడగాలి. అడగనిదే అమ్మైనా పెట్టదు కదా."

"ఇంట్లోనూ మీది అదే రూలు," అంది ఆమె.

ఆయన నవ్వేశాడు. ఎడమ కంటి చివర కొన్నాళ్లుగా మసక కమ్ముతోందని ఆమెకు చెప్పలేదు. ఊరందరి కళ్లకూ అద్దాలు సరిచేసే మనిషి, తన కంటికి ఏ అద్దమూ పనికిరాదని తానే తేల్చుకున్నాడు. పక్కనుంచి వచ్చేది కనబడనివాడు తీర్పు చెప్పకూడదు. అందుకే ఇవాళ్టి ఫైనలే తనకు ఆఖరి ఆట. దాన్ని ఒక్క తప్పూ లేకుండా ముగించాలి. అంతకు మించి కోరికేమీ లేదు.

సాయంత్రానికి మైదానం చుట్టూ జనం కంచె పట్టుకుని ఊగిపోతున్నారు. నర్సుల జట్టూ, బస్సు కండక్టర్ల జట్టూ సరిసమానంగా ఉన్నాయి. ఆఖరి ఇన్నింగ్స్. బ్యాటింగ్ చేస్తున్న కండక్టర్లలో ఇద్దరు ఔటయ్యారు. రెండో బేస్ మీద పొట్టి కండక్టరొకామె కాలు దువ్వుతోంది.

బంతి నర్సుల తలల మీదుగా దూసుకుపోయింది. పొట్టి కండక్టరు పిక్కబలం చూపించింది. అద్దాలాయన ఓరకంటిని నమ్మకుండా తల మొత్తం మూడో బేస్ వైపు తిప్పాడు. ఆమె కాలు బేస్‌కు బెత్తెడు ఇవతల పడింది. నూటికి నూరుపాళ్లు చూశాడు. ఆమె పరుగు పూర్తయ్యే హోమ్ ప్లేట్ చేరుకుంది. కండక్టర్లు ఒకరి మీద ఒకరు పడి కేకలు పెడుతున్నారు. నర్సులు ఎక్కడివాళ్లక్కడ చతికిలబడ్డారు.

ఆఖరి పరుగు మీద అడగడానికి గడువు, అంపైరు మైదానం వదిలేదాకానే. మైదానమంటే ఎక్కడిదాకా, సుద్దగీతా, కంచె గేటా? ముందు మాటకి అర్థం. బంతి ఆడదగిన చోటంతా మైదానమే, అంటే గేటు దాకా. ఆయన ఎప్పటి నడకే నడిచాడు. నిదానిస్తే సైగ చేసినట్టవుతుంది. బూటు తాడు ఊడింది. వంగి కట్టుకున్నా సైగే. అడగండమ్మా, ఎవరో ఒకరు అడగండి అని లోపల్లోపల కొట్టుకుపోతూ ఊడిన తాడుతోనే గేటు దాకా వచ్చాడు.

"సార్, ఏదో తేడాగా ఉంది," అంది వెనక నుంచి మూడో బేస్ కాసిన నర్సు.

'ఏదో తేడా' అన్నది పుస్తకంలో ఏ పేజీలోనూ లేదు. గేటు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆమె బేస్ వైపోసారి, ఆయన మొహం వైపోసారి చూసింది. ఆ మొహం గోడలా ఉంది.

"ఆ పొట్టావిడ మూడో బేస్ తొక్కలేదు సార్. తీర్పు అడుగుతున్నాను."

పిడికిలి దానంతటదే గాల్లోకి లేచింది. "ఔట్" అన్న కేక తనదేనా అని ఆయనకే ఆశ్చర్యమేసింది. సగం మంది జనం కళ్లజోడు పెట్టుకోమని తిట్టిపోశారు. ఆ తిట్లు ఆయన చెవులకు ఎంతో హాయిగా ఉన్నాయి. ఆ పరుగు చెల్లక ఆట మరో రెండు ఇన్నింగ్స్ సాగింది. చివరికి ఆ పొట్టి కండక్టరే మళ్లీ వచ్చి, మూడో బేస్‌ను రెండు కాళ్లతో దబదబా తొక్కి మరీ గెలిపించింది. నర్సులు కూడా పడీ పడీ నవ్వారు.

జనం పలచబడ్డాక గేటు అవతల భార్య నిలబడి ఉంది.

"ఏవండీ, మీరింకా మైదానంలోనే ఉన్నారు కదా?"

"ఉన్నాను."

"అయితే అడుగుతున్నాను. మీ ఎడమ కంటికి పక్కది కనబడటం లేదు. అవునా, కాదా?"

ఆయనకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. "అవును," అన్నాడు. "ఎలా తెలిసింది?"

"ఇదివరకు తల అంతలా తిప్పేవారు కాదు. మళ్లీ ఆటకి వస్తారా?"

"రాను."

ఆమె ఆయనకు ఎడమ పక్కగా వచ్చి చెయ్యి పట్టుకుంది. ఎన్నాళ్ల బరువో దిగిపోయినట్టయి, ఆమెతో పాటు గేటు దాటాడు.

హోమ్ ప్లేట్ పక్కన ఆయన ప్లేటు దుమ్ము దులిపే చిన్న బ్రష్షు ఉండిపోయింది, కుచ్చు నిండా తెల్లటి సుద్దపొడితో.