మా వాకిట్లో చాంబరు

ఆ ఉదయం మురుగు చాంబరు మూత పక్కలనుంచి నల్లనీళ్లు పొంగి మా గడప దాకా వచ్చాయి. మా పాప ఫ్లోరాకు తొమ్మిదో నెల. చాప మీద కూర్చోబెడితే నిలవదు, పాకి పోతుంది. రెండు రోజులుగా విరేచనాలు. పిల్లను చంకనుంచి దించడానికి వాకిట్లో జానెడు పొడి నేల లేదు.

మా ఇంటి పైపు, పక్కింటి చెంచులక్ష్మక్క పైపు ఆ చాంబరులోనే కలిసి వీధి లైనుకు పోతాయి. ఆరు నెలల కింద కావలిలో మా వీధికి లైను వేసినప్పుడు, తమవైపు జాగా లేదని అక్క అడిగితే మా వాకిట్లో తవ్వుకోనిచ్చాను. నా కాన్పునాడు మా ఆయన ఫ్రెడ్డీ ధాన్యం లారీతో చెన్నైలో ఉంటే, నన్ను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లింది ఆమే. అందుకే అక్క చాంబరు ఒప్పందమని కాగితం తెచ్చి సంతకం అడిగినప్పుడు రెండు వరసలు చదివి పెట్టేశాను. ఎనిమిదిలో బడి మానినా నాకు చదవడం వచ్చు. పిల్ల ఏడుస్తుంటే అక్క, "నేను చదివినాలేమే, ఏముంది అందులో" అన్నది.

మున్సిపాలిటీ నుంచి ముత్యాలయ్య పూడిక తీసే మిషను తెచ్చాడు. "వీధి లైనైతే మాది. గేటు లోపలిది మీదే. ఈ చాంబరు ఎవురిదమ్మా?"

అక్క గోడ మీదనుంచి తొంగిచూసింది. "ఆ పిల్లదేనయ్యా, కాయితం గూడా ఉండాది. డైపర్లేసి పూడ్చినాది. చెప్తే వినదు."

నేను డైపర్లు కొనను. పాత చీర చింపిన గుడ్డలే వాడతాను. అవి ఆరేసే తీగ ఆమె గోడకే కట్టి ఉంది.

ముత్యాలయ్య మూత తీశాడు. బూడిద, చింతపండు పిప్పి, గుప్పెళ్లకొద్దీ చేప పొలుసులు. అక్క ఆదివారాలు చేపల పులుసు పార్సిళ్లు అమ్ముతుంది. చేపల్ని బూడిదతో రుద్ది కడుగుతుంది.

"డైపరు యాడుందక్కా?" అన్నాను.

"పొలుసు మీద పేరు రాసుంటదా? ఆ పులుసు నువ్వు తినలా? పాలు పడాలని నీకు సొరచేప పుట్టు ఎవురు పెట్టినారు?"

పెట్టింది ఆమే.

లోపలికి వెళ్లి బైబిల్లో దాచిన కాగితం తీసి, వేలు పెట్టుకుని చివరిదాకా చదివాను. మూడో వరసలో ఉంది: చాంబరు శుభ్రత బాధ్యత మాది, పక్కింటివారికి సంబంధం లేదు. కింద నా సంతకం. చదివినాలే అన్న మనిషి నిజంగానే చదివింది.

బయటికి వచ్చాను. "చాంబరు, మా పైపు శుభ్రం చెయ్యన్నా."

"ఆయమ్మ పైపో? లోపలిదాకా పట్టేసుండాది."

"అది కాగితంలో లేదన్నా."

మధ్యాహ్నానికి నీళ్లు దిగిపోయాయి. బ్లీచింగు చల్లి రెండుసార్లు కడిగాను. నేల ఆరాక ఫ్లోరాను దించాను.

సాయంత్రం అక్క తడికాళ్లతో వచ్చింది. "వంటింట్లోకి ఎగదన్నతా ఉండాయి మే నీళ్లు. మూత తియ్యి, మనిషిని పిలిపిస్తా."

కాగితం ఆమె చేతికిచ్చాను. "మూడో వరస చదువక్కా. నాకు ఆ పొద్దు చెప్పని వరస."

ఆమె చదవలేదు. ఫ్లోరాను చూసి చేతులు చాపింది. పిల్ల అలవాటుగా నవ్వుతూ ఆమెవైపు పాకింది.

మూత తీయించుకోమన్నాను. పిల్లను మాత్రం మళ్లీ చంకకెత్తుకున్నాను.