అతుకులో ఊపిరి

లోవమ్మ పొద్దున్నే గంజి తాగి, కుడిచేతి చూపుడువేలి గోరు ఒకసారి చూసుకుని బయల్దేరేది. ఆ గోరే ఆమె ఉద్యోగం. నర్సీపట్నంలో ఎవరింట క్వార్ట్జ్ రాయితో వంటగట్టు వేసినా, రెండు పలకలు కలిసేచోట అతుకు బాగుందో లేదో ఆమే తేల్చాలి. గోరు అడ్డంగా లాగితే ఎక్కడా తగలకూడదు. పక్కనుంచి టార్చి వేస్తే జిగురు గీత కనబడకూడదు. ఆఖర్న చెవి ఆనించి ఊపిరి వినాలి. జిగురు పెట్టేముందు మేస్త్రి వంగి, అంచుల మీది దుమ్ము నోటితో ఊదుతాడు కదా, ఆ ఊపిరి అతుకులోనే ఉండిపోతుంది. ఊపిరాడని అతుకు ఏడాది తిరక్కుండా విడిపోతుందని ఊళ్ళో అందరికీ తెలుసు. అన్నీ కుదిరితే లోవమ్మ "పాసు" అనేది. లేకపోతే సుద్దతో ఇంటూ గుర్తు పెట్టేది. ఆ గుర్తు పడ్డ మేస్త్రిని షాపు యజమాని ఉమామహేశ్వరరావు గారు మళ్ళీ రాయి ముట్టనిచ్చేవారు కాదు.

ఆమె మొగుడు సింహాచలం పేరున్న మేస్త్రి. నీళ్ళు పోస్తే పెన్సిల్ గీత చెరిగిపోతుందని రాయి పొడిగానే కోసేవాడు. డాక్టరు వద్దన్నా నవ్వేశాడు. ఆ తెల్లటి పొడి ఊపిరితిత్తుల్లో పేరుకుని, దగ్గి దగ్గి పోయాడు. మనిషి పోయినా అతను వేసిన అతుకులు దగ్గడం మానలేదు.

"రాత్రి మీ ఆయన మరీ దగ్గేడమ్మా. గ్లాసుడు వేణ్ణీళ్ళు పెట్టేను, తగ్గింది," అని అతను గట్టు వేసిన ఇళ్ళ ఆడవాళ్ళు బజార్లో కనబడి చెప్పేవారు. లోవమ్మ దండం పెట్టేది.

ఒకసారి ఆ ఇళ్ళన్నీ తిరిగి మొగుడి అతుకులకి చెవి ఆనించింది. జబ్బు పడడానికి ఎంతో ముందు, మనిషి దుక్కలా ఉన్న రోజుల్లో వేసిన అతుకుల్లో కూడా ఊపిరి చివర సన్నటి గీర ఉంది, ఇసుక మీద చీపురు ఈడ్చినట్టు. అప్పట్లో ఊపిరి ఉందా లేదా అనే చూసింది గానీ, అదెలా ఉందో వినలేదు. అది తల్చుకుంటే ఆమెకి అన్నం సయించదు.

అన్న పోయాక కోత మిషను మరిది మత్స్యలింగం అందుకున్నాడు. బలిఘట్టం రోడ్డులో సత్యలక్ష్మి గారి కొత్తింట్లో గట్టు వేశాడు. లోవమ్మ వెళ్ళేసరికి గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కాతో నిలబడి ఉన్నాడు.

"బేగి సూడొదినా. అన్నయ్య కూడా ఇలగ కలపనేదు."

నిజమే. గోరు ఎక్కడా ఆగలేదు. టార్చి వేస్తే అతుకెక్కడుందో ఆమెకే దొరకలేదు. చెవి ఆనించింది. ఊపిరి చక్కగా ఆడుతోంది. చివర్న, సన్నగా, గీర.

లోవమ్మ చెవి తీసి మరిది మొహంలోకి చూసింది.

"దగ్గొస్తందా నీకు?"

"నాకు దగ్గేటి? బస్తా ఎత్తుకుని కొండెక్కమన్నా ఎక్కుతాను."

"నీళ్ళు పోసి కోసేవా?"

"పోస్తే గీత కనబడతాదేటి?"

"ఈ పని మానీ, నాయనా."

"మానీసి ఏటి తినాలొదినా?" అని నవ్వాడు, అచ్చం అన్నలాగే.

ఇన్నేళ్ళలో ఆమె గోరు ఒక్క అబద్ధం చెప్పలేదు. లోవమ్మ కొంగుముడిలోంచి సుద్దముక్క తీసి, ఊళ్ళోకల్లా మంచి అతుకు మీద ఇంటూ పెట్టింది.

"గోరు తగిల్నాది."

"ఎక్కడ? సూపించు!" మత్స్యలింగం తన గోటితో గీసి చూశాడు, మళ్ళీ గీశాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అన్న కన్నా నాకు పేరొస్తందని కడుపుమంట నీకు. ఈయాల్టినుంచి నాకు వొదిన నేదు."

ఉమామహేశ్వరరావు గారు ఎప్పటిలాగే ఆమె మాట మీద ఇంకో మాట అడగలేదు. మత్స్యలింగం తన పెళ్ళాం తలుపులమ్మని తీసుకుని కొయ్యూరులో అత్తారి జీడితోటకి పోయాడు. సత్యలక్ష్మి గారు మాత్రం గట్టు పగలగొట్టనివ్వలేదు.

జీడిపిక్కలు ఏరే రోజుల్లో, ఒక మధ్యాహ్నం తలుపులమ్మ ఫోన్ చేసింది.

"నీ పేరెత్తితే సాలు, లెగిసెల్లిపోతన్నాడక్కా."

"ఇప్పుడేటి సేస్తన్నాడు?"

"తిని తొంగున్నాడు."

"ఆడి గుండెకాడ ఫోనెట్టు."

లోవమ్మ ఫోను చెవికి గట్టిగా ఆనించి కళ్ళు మూసుకుంది. ఊపిరి ఆడుతోంది. చివర్న గీర ఉంది. ఆ అతుకులో విన్నంతే ఉంది, పిసరు కూడా పెరగలేదు.

"అక్కా, ఉన్నావా? ఏటింటన్నావు?"

"పాసు," అంది లోవమ్మ.

ఫోను పెట్టేసి వేణ్ణీళ్ళు కాచింది. పనిలో మిగిలిన రాతిముక్కలు అతికి సింహాచలం ఆమెకోసం తమ వంటింట్లో వేసిన చిన్న గట్టు మీద, అతను దగ్గుతున్న చోట గ్లాసు పెట్టి, అక్కడే తల ఆనించి ఏడ్చింది.