డమ్మీకి ఉన్న ఒక్క మాట

ఇంగ్లండు తీరంలోని సిడ్మత్‌లో సముద్రపు గోడకు ఎదురుగా ఉన్న బ్రిడ్జ్ పేకాట క్లబ్బులో మంగళవారం మధ్యాహ్నాలు ఎవరూ గట్టిగా మాట్లాడరు. టీ కప్పు కాస్త చప్పుడైనా పక్క బల్ల వాళ్ళు తలెత్తి గుర్రుగా చూస్తారు. ఆ మంగళవారం హెస్టర్‌కు మాత్రం తన గుండె చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించడం లేదు.

ఎదురుగా కూర్చున్న భర్త సెడ్రిక్ వేలంలో ఒక ఇస్పేటు పాడాడు. ఆమె చేతిలో నాలుగు ఇస్పేట్లున్నాయి, రెండు ఆసులున్నాయి, ఒక రాజు, ఒక రాణి. పూర్వమైతే రెండో ఆలోచన లేకుండా నాలుగు ఇస్పేట్లకు పాడేసేది. కానీ నాలుగు పాడితే పదమూడు పట్లలో పది గెలవాలి. రెండు పాడి ఊరుకుంటే ఎనిమిది చాలు, ఎక్కడైనా తడబడినా సెడ్రిక్ గట్టెక్కుతాడు.

పోయిన చలికాలం నుంచి అతనికి మాటలు జారిపోతున్నాయి. చుట్టుపక్కల ఆవులకూ గుర్రాలకూ జీవితమంతా వైద్యం చేసిన మనిషి, పొయ్యి మీది కెటిల్‌ను పట్టుకుని దాని పేరు కోసం తడుముకుంటాడు. ఈ బల్ల దగ్గర మాత్రం ఇంకా పాత సెడ్రికే. వసంతంలో ఒకరోజు గాలికి ఎదురు నడుస్తూ ఆమె చేత మాట తీసుకున్నాడు.

"నేను తురుపు లెక్క తప్పిన రోజున నాతో చెప్పు. జాలిపడి దాచకు. ఆ రోజుతో నా ఆట సరి."

ఆమె సరేనంది. అన్నది మొదలు ప్రతి మంగళవారమూ ఆమెకు భయమే. ఈ ఆట కూడా పోతే తన భర్తలో తనకు మిగిలేదేమిటో ఆమెకు తెలియదు.

"అంతసేపు పొదిగితే ఆ ముక్కలు పిల్లలవుతాయి హెస్టర్," అన్నాడు ఆమె ఎడమవైపున్న అంబ్రోస్. పళ్ళ డాక్టరుగా ఎప్పుడో రిటైరయ్యాడు గానీ అతని నాలుక ఇంకా కాలేదు.

"నాలుగు ఇస్పేట్లు," అంది హెస్టర్.

ముక్కలు ఎంత విలువ చేస్తే అంత పాడాలి. తక్కువ పాడటం దయ కాదు, మనిషిని బతికుండగానే లెక్కలోంచి తీసెయ్యడం.

అంబ్రోస్ జోడీ మిస్ మ్యూరియల్ మొదటి ముక్క వేసింది. హెస్టర్ తన పదమూడు ముక్కలూ బల్ల మీద పరిచింది, తురుపైన ఇస్పేట్లు కుడిచేతి వైపున. ఇక ఆమె డమ్మీ. రెండు చేతుల ఆటా సెడ్రిక్‌దే, ఆమె పెదవి విప్పకూడదు. అడిగిన రంగు వెయ్యకుండా అతను వేరే రంగు వేస్తే మాత్రం, ఆ రంగు లేదా అని అడగొచ్చు. డమ్మీకి ఉన్నది ఆ ఒక్క మాటే.

మూడు పట్లు పోయాయి. ఇంకొకటి పోకూడదు. సెడ్రిక్ తురుపు లాగడం మొదలెట్టాడు. ఎదుటివాళ్ళ దగ్గరున్నవి నాలుగే. మొదటి విడతకు ఇద్దరూ చెరొకటి వేశారు. రెండో విడతకు అంబ్రోస్ తురుపు వేశాడు, మ్యూరియల్ డైమను పారేసింది. అంటే ఆఖరిది అంబ్రోస్ దగ్గరే ఉంది. ఇంకొక్కసారి లాగు, ఒక్కసారి, అని హెస్టర్ లోలోపల మొత్తుకుంది.

సెడ్రిక్ లాగలేదు. చేతిలో ముక్కలన్నీ బల్ల మీద పరిచేసి నవ్వాడు. "డైమన్లన్నీ పెద్దవే. ముందు అవి ఆడతాను. మిగతా పట్లన్నీ నావి."

అంబ్రోస్ తన ముక్కల వంక చూసుకున్నాడు. తర్వాత సెడ్రిక్ మొహం వంక చూశాడు.

"నీవేలే," అని తన ముక్కలు మూసి పక్కన పెట్టెయ్యబోయాడు.

ఆట ఆగింది కనుక ఇప్పుడు డమ్మీ మాట్లాడొచ్చు. ఊరుకుంటే ఇంకో మంగళవారం దక్కుతుంది. ఆ తర్వాత ఇంకొకటి. ఊరుకోవాలని హెస్టర్‌కు ప్రాణం పోయేంతగా అనిపించింది.

"నీ ముక్కలు చూపించు అంబ్రోస్."

"ఎందుకులే హెస్టర్."

"చూపించు."

అతను చూపించాడు. డైమను ఒక్కటీ లేదు. ఇస్పేటు తొమ్మిది ఉంది, దాంతో మొదటి డైమన్నే కొట్టెయ్యొచ్చు.

సెడ్రిక్ దాన్ని చాలాసేపు చూశాడు. "ఇన్నేళ్ళలో నాకు ఒక్క పట్టూ ఊరికే వదల్లేదు నువ్వు. ఇవాళేం రోగమొచ్చింది నీకు? ఒకటి తక్కువైంది, రాయి." తర్వాత భార్య వైపు తిరిగాడు. "మాట నిలబెట్టుకున్నావు."

అతని గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే ఆమెకు సులువయ్యేది.

"ఇంకొక్క ఆట మిగిలింది," అన్నాడు. "ఆడేసి లేద్దాం. ఈసారి నువ్వు ఆడు."

పాట ఆమె మీద నిలిచింది. ఈసారి ముక్కలు పరిచింది సెడ్రిక్. తురుపులు కుడివైపున, మిగతావి వరసగా, ఎప్పటిలాగే అంచులు సరిచేసి మరీ పెట్టాడు. హెస్టర్ ఆడసాగింది. మ్యూరియల్ ఆటీను వేసింది. హెస్టర్ కళ్ళు నిండిపోయి చేతిలోని ఎర్ర ముక్కలన్నీ ఒకటిగా అలుక్కుపోయాయి. ఆమె ఒకటి తీసి వేసింది. అది డైమను.

"హెస్టర్," అన్నాడు సెడ్రిక్ మెల్లగా. "ఆటీన్లు లేవా?"

ఆమె కళ్ళు తుడుచుకుని చూసుకుంది. డైమన్ల చివర ఒక చిన్న ఆటీను ఉంది.

"ఉంది," అంది.

డైమను వెనక్కి తీసుకుని ఆటీను వేసింది. సెడ్రిక్ తల ఊపి, చేతులు కట్టుకుని, ఆమె తర్వాతి ముక్క కోసం చూస్తూ కూర్చున్నాడు.