ఎర్గాష్ వేసిన రంగు

ఆ శరత్తులో తోజాగుల్ జుట్టు రెండు రంగుల్లో ఉంది. నెత్తి నుంచి జానెడు దాకా తెలుపు, అక్కణ్ణుంచి నడుం దాకా అక్రోటు తొక్క రంగు. తెలుపు ఆమె సొంతం, ఏడాదిలో పెరిగింది. ఆ కింది రంగు మాత్రం ఆమె భర్త ఎర్గాష్‌ది. పోయినేడు ఇదే రోజుల్లో, కొండమీద అక్రోట్లు రాలుతుండగా, తన చేత్తో వేశాడు. వేసిన పదోరోజున అడవిలో ఒక చెట్టు కింద మధ్యాహ్నం కునుకు తీశాడు, మళ్ళీ లేవలేదు. అక్రోటు నీడ మంచిది కాదని, అందులో పడుకున్నవాణ్ణి చెట్టు తన కలల్లోకి లాక్కుంటుందని మావాళ్ళు అంటారు. తోజాగుల్‌కు ఆ మాట నమ్మడం తేలిక. గుండె ఆగిందని చెప్పిన డాక్టరు మాటే ఆమెకు నమ్మబుద్ధి కాలేదు.

ఇవాళ్టికి ఏడాది నిండింది. ఇవాళ తల కడుగుతారు. భర్త పోయిన మనిషి ఏడాదిపాటు నీలం బట్టలే కడుతుంది, తలకు రంగు గాని కనుబొమలకు ఆకుపసరు గాని ముట్టుకోదు. ఏడాది తిరగ్గానే భర్త తరఫు ఆడవాళ్ళొచ్చి పెరుగుతో తల కడిగి, కొసలు కత్తిరించి, రంగు వేసి, తెల్లబట్టలు కట్టించి, పలావు వండుకుని తిని, ఇంక బతుకమ్మా అని చెప్పి వెళతారు. మంచి ఆచారమే. దుఃఖానికి కూడా ఒక గడువు పెట్టిన మహాతల్లి ఎవరో గాని, ఆమెకు దణ్ణం పెట్టాలి.

తోజాగుల్‌కు ప్రాణం కొట్టుకుంటున్నది ఆ కత్తెర దగ్గరే. కొసలు కోస్తే ఎర్గాష్ రంగు పోతుంది. మట్టిలోకి పంపడం ఒకసారి అయింది. ఇప్పుడు వీపు మీద మిగిలినవాణ్ణి కూడా పంపమంటే ఆమెకు చేతకాదు. ఎందుకు చేతకాదో చెప్పడానికి నోరు లేదు. ఒట్టు పెట్టింది మరి.

ఆ ఒట్టు ఇరవై మూడేళ్ళనాటిది. అప్పుడామెకు ముప్ఫైరెండు. పాపిట్లో నాలుగు తెల్లవెంట్రుకలు కనబడగానే ప్రపంచం మునిగిపోయినట్టు ఏడిస్తే, ఎర్గాష్ ఆమెను బస్సెక్కించి కింద పట్నంలో పార్లర్‌కు తీసుకెళ్ళాడు. మెడ చుట్టూ గుడ్డ కట్టారు. బయట మెట్ల మీద పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ కూర్చున్నవాడు, లోపలికి తొంగి చూసి ఎంతని అడిగాడు. మూడొందల సోమ్‌లన్నారు.

"మూడొందలా!" అన్నాడు. "మా ఊళ్ళో మూడొందలకి నాలుగు గొర్రెలకి ఉన్ని కత్తిరించి, పైగా ఆ ఉన్ని మన చేతికే ఇస్తారు తల్లీ!"

మెడ గుడ్డ ఊడదీసి పెళ్ళాన్ని లేవదీశాడు. పార్లర్‌లో అందరూ నవ్వారు. కొండ ఎక్కేదాకా తోజాగుల్ బస్సు కిటికీకి మొహం తిప్పుకుని ఏడ్చింది, వాడి మొహం చూడలేదు. పిసినారి సచ్చినోడు అని లోలోపల ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు.

మర్నాడు అతను తను నడిపే పిండిమరకు పోలేదు. వీధి తలుపు గడియ పెట్టాడు. పచ్చి అక్రోటు తొక్కలు రోట్లో నూరి, గోరింటాకు పొడి కలిపి, మట్టిముంతలో వేడిచేసి తెచ్చాడు. "మా అమ్మ ఇదే వేసుకునేది. కూర్చో" అన్నాడు. ఆమె వీపు తిప్పి కూర్చుంది, కోపం చూపించడానికి. మరరాయి గాట్లు కొట్టే ఆ మొద్దుచేతులు ఆమె జుట్టును పాయపాయగా విడదీసి, చాలు వెంట విత్తనం వేసినంత ఓపిగ్గా రంగు పెట్టుకుంటూ పోయాయి. సాయంత్రం దాకా అలగాలని గట్టిగా అనుకుంది. సగం తల అయ్యేలోపే నిద్రపోయింది. ఆ ముద్ద వాసనకు ఆమె ఒంట్లోకి ఒక అడవి వచ్చి కూర్చుంది, ఆకులన్నీ మెల్లగా ఊగుతున్నాయి. లేచేసరికి తల కడగడం కూడా అయిపోయింది. అద్దంలో కొత్త పెళ్ళికూతురు.

అప్పుడు రొట్టె తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "దీని మీద ఒట్టెయ్యి. ఎవ్వరికీ చెప్పకూడదు. మగాడు పెళ్ళాం తలకి రంగేశాడని తెలిస్తే చాయ్‌ఖానాలో నన్ను బతకనివ్వరు."

"మరి ఆ చేతులు?" అంది తోజాగుల్. అతని అరచేతులు బొగ్గులా ఉన్నాయి, ఆ నలుపు నెల్లాళ్ళకు గాని వదలదు.

"పిచ్చిదానా, ఇది అక్రోట్ల కాలం. ఇమాంగారి వేళ్ళు కూడా నల్లగానే ఉన్నాయి. ఎవడికి తెలుస్తుంది?"

ఆమె రొట్టె మీద ఒట్టు వేసింది. అక్కణ్ణుంచి ప్రతి నలభై రోజులకు ఒకసారి గడియ పడేది. ఎండబెట్టిన తొక్కలు మూటగట్టి ఏడాదంతా వాడేవాడు. కొసలు కూడా అతనే కత్తిరించేవాడు, ఈ చెవి నుంచి ఆ చెవికి తాపీమేస్త్రీలా దారం పట్టి. "కదలకు, గీత వంకరపోద్ది" అనేవాడు. ఆ ఇరవై రెండేళ్ళలో అతను ఆమెతో చెప్పిన ప్రేమమాటల్లో ఇదే పెద్దదని నా లెక్క.

ఈ ఏడాదంతా ఆమె కలల్లోకి అతను అలాగే వచ్చాడు. గడియ చప్పుడు, ముంత కింద పెట్టిన చప్పుడు, వెనక ఒక ఊపిరి. మొహం ఎప్పుడూ కనబడలేదు. వెనక్కి తిరిగి చూడాలని ప్రాణం లాగేది. తిరిగితే గీత వంకరపోతుందని కలలో కూడా ఆమెకు గుర్తుండేది. తిరగకుండానే తెల్లవారేది.

హోజర్ వస్తున్నట్టు వాగు అవతల ఉండగానే తెలిసింది. ఎర్గాష్ అక్క ఆమె, అరవై దాటిన మనిషి. ఆ గొంతుకు ముందు కుక్కలు, తర్వాత మనుషులు లేస్తారు. వెంట నలుగురు ఆడవాళ్ళు, ఊళ్ళోకెల్లా పెద్దదైన రబియా అవ్వ, పట్నం నుంచి పెట్టె పట్టుకొచ్చిన పార్లర్ పిల్ల దిల్ఫూజా.

"ఏమే మరదలా, ఇంకా ఆ నీలం గోనెసంచిలోనే ఉన్నావా? రా, కూర్చో. ఇవాళ నీ తల నాది" అంది హోజర్.

పెరట్లో ముక్కాలిపీట వేశారు. చల్లటి పెరుగు నెత్తి మీద పడగానే తోజాగుల్ కళ్ళు మూసుకుంది. ఎవరో నీళ్ళు పోస్తున్నారు, ఎవరో రుద్దుతున్నారు. కొండ మీంచి దిగిన పొగమంచు పెరట్లో నిలబడిపోయింది. రేకు కప్పు మీద అక్రోట్లు ఒకటొకటే టప్, టప్ మని పడుతున్నాయి. ఆ చప్పుడు దూరమైంది. పిండిమర తిరుగుతోంది. తెల్లటి పిండి మంచులా రాలుతోంది, ఆ పిండిలో ఎవరో నడిచి వస్తున్నారు, ఒళ్ళంతా తెల్లగా, చేతులు మాత్రం నల్లగా. ఈసారి ఎదురుగా వస్తున్నాడు. ఈసారి తిరిగి చూడనక్కర్లేదు. ఇంకొక్క నాలుగడుగులు...

"అయ్యో, ఇదేంటక్కా!" అంది దిల్ఫూజా, దువ్వెన పట్టుకుని. "కింద పాతరంగు ఇంత పొడుగు వదిలేశారు? దీని మీద కొత్తరంగు అతకదు. ఇదుగో, ఇక్కడికి కోసేస్తే సరి. మిగిలిన తెలుపుకి పెట్టెలో ముదురు చాకొలెట్ ఉంది."

దువ్వెన సరిగ్గా తెలుపు ఆగి గోధుమ మొదలయ్యే చోట మెడకు చల్లగా తగిలింది. తోజాగుల్‌కు మెలకువ వచ్చేసింది.

"కొయ్యి," అంది హోజర్. "డబ్బు నాది, మొహమాటపడకు. నా తమ్ముడు పిసినారి. బతికున్నన్నాళ్ళూ దీని తల మీద ఒక్క సోమ్ ఖర్చు పెట్టిన పాపాన పోలేదు."

ఆడవాళ్ళు నవ్వారు. కత్తెర తెరుచుకున్న చప్పుడు వినబడింది.

తోజాగుల్ లేచి నిలబడింది. పీట వెనక్కి పడింది. తల నుంచి నీళ్ళు కారి నీలం బట్టలన్నీ తడుస్తున్నాయి.

"పిసినారి అనకండి వదినా!" ఆమె గొంతు ఆమెకే కొత్తగా ఉంది. "పార్లర్‌కి పంపలేదు, నిజమే. ఆయనే వేశాడు. ఇరవై రెండేళ్ళు, నలభై రోజులకోసారి, తలుపు గడియ పెట్టుకుని, ఈ పెరట్లో, తన చేత్తో వేశాడు. కొసలు కూడా ఆయనే తీశాడు. ఇది పాతరంగు కాదు, ఆయన రంగు. చెప్పనని రొట్టె మీద ఒట్టేశా. ఇప్పుడు చెప్పేశా. ఆ పాపం నాకే తగలనివ్వండి."

చెప్పేసి, వాళ్ళ మొహాల్లో ఆశ్చర్యం కోసం చూసింది. ఒక్క దిల్ఫూజా తప్ప ఎవరూ నోరెళ్ళబెట్టలేదు. పలావులోకి క్యారెట్లు తరుగుతున్న రబియా అవ్వ చేతిలో కత్తి అయినా ఆగలేదు.

"తెలుసే," అంది హోజర్.

"ఏం తెలుసు?"

"ఊరందరికీ తెలుసే పిచ్చిమొహమా. అక్టోబర్లో అందరి చేతులూ నల్లగుంటాయి, సరే. మరి మార్చిలో? జూన్‌లో? పిండిమర నడిపేవాడు, తెల్లటి పిండి మీద బొగ్గులాంటి చేతులు! నెత్తి మీద కుండ పెట్టుకుని దొంగతనానికి పోయినట్టుంది వాడి తెలివి. మరకొచ్చిన ప్రతి ఇంటికీ కనబడ్డాయి ఆ చేతులు."

"ఇరవై రెండేళ్ళూ... ఎవ్వరూ..."

"ఒకడన్నాడులే," అంది రబియా అవ్వ క్యారెట్ల మీంచి తల ఎత్తకుండానే. "మొదటేడే. చాయ్‌ఖానాలో ఒక కుర్రకుంక, ఏం ఎర్గాష్, ఏప్రిల్లో అక్రోట్లు ఎక్కడ కాశాయి అని మొదలెట్టాడంట. మా ముసలాయన గిన్నె కింద పెట్టి, పిండి తెల్లగానే ఉందిగా, నీకేంట్రా నొప్పి అన్నాడంట. అంతే. మళ్ళీ ఎవడూ ఎత్తలేదు. వాడు దాచాననుకున్నాడు, మేం దాచనిచ్చాం."

తోజాగుల్ అరుగు మీద కూలబడింది. గడియ పెట్టుకుని ఇరవై రెండేళ్ళు తామిద్దరే అనుకున్న పెరడు చుట్టూ ఊరంతా గుసగుస లేకుండా నిలబడి కాపలా కాసిందన్నమాట. నవ్వు వచ్చింది. నవ్వుతుంటే ఏడుపు వచ్చింది. ఏడాదిగా పదిమంది ముందు ఏడవలేకపోయిన ఏడుపు అది.

"మరి తెలిసి కూడా పిసినారి అంటారేంటి?" అంది ముక్కు చీదుతూ.

"పిసినారే కాబట్టి." హోజర్ ఆమె పక్కన కూర్చుంది. గొంతు మొదటిసారి తగ్గింది. "నా మొగుడు దానకర్ణుడు. అడిగినప్పుడల్లా డబ్బు చేతిలో పడేసి, పోయి వేయించుకోమనేవాడు. నా తమ్ముడి పిసినారితనంలో పావొంతు మా ఆయనకుంటే, ఈ తల కూడా ఎప్పుడో ఒకసారి ఒకరి చేతుల్లో ఉండేది."

హోజర్ అరచేత్తో మొహం తుడుచుకుంది. "సరే, చెప్పు. ఏం చేద్దాం? ఒద్దంటే ఆ కత్తెర వాగులో పారేస్తా. ఆచారం నేను చూసుకుంటాలే."

తోజాగుల్ జుట్టు ముందుకు వేసుకుంది. తడిసిన గోధుమరంగు వేళ్ళ మధ్య బరువుగా ఉంది. ఉంచుకోవచ్చు. ఉంచుకుంటే దువ్వెనకు రోజూ నాలుగు పోతాయి, ఎండకు కొంచెం, సబ్బుకు కొంచెం. ఈ ఏడాది అలా ఎంత పోయిందో దువ్వెన పళ్ళలో రోజూ చూస్తూనే ఉంది. ఉంచుకోవడమంటే కొంచెం కొంచెంగా పోగొట్టుకోవడమే.

"రెండు జడలెయ్యి," అంది దిల్ఫూజాతో. "పైనా కిందా గట్టిగా దారం కట్టి, తెలుపు ఆగిన చోట కొయ్యి. ఒక్క వెంట్రుక కింద పడకూడదు. రంగు మాత్రం వద్దు."

"వద్దా? అక్క డబ్బులిచ్చేశారు కదండీ."

"ఆ డబ్బు నువ్వుంచుకో. పచ్చితొక్కలు రేపు నేను నూరతా. వదిన తల నేను పట్టుకుని రంగేస్తా."

"నీకేం వచ్చే?" అంది హోజర్.

"ఇరవై రెండేళ్ళు చూడకుండానే నేర్చుకున్నా."

జడలు అల్లారు. కత్తెర రెండుసార్లు పలికింది. తోజాగుల్ తల ఒక్కసారిగా తేలికైపోయి, పొట్టి తెల్లజుట్టు బుగ్గల మీదికి జారింది. తెల్లబట్టలు కట్టించారు. మావైపు ముసలివాళ్ళు రాలిన జుట్టు పారెయ్యరు. గుడ్డసంచిలో దాచుకుంటారు, పోయినప్పుడు అది తల కింద పెడతారు. యాభై అయిదేళ్ళకు అంత తొందరేమీ లేదు గాని, తోజాగుల్ ఆ రెండు జడలనూ కొత్త గుడ్డలో చుట్టి హోజర్ ఒళ్ళో పెట్టింది.

"నన్ను పంపేటప్పుడు ఇవి తల కింద కాదు వదినా, భుజాల మీదికి వెయ్యమని చెప్పండి, రెండువైపులా కనబడేట్టు. ఆయన నన్ను ఇంత తెల్లతలతో ఎప్పుడూ చూడలేదు. ఎవరో ముసలావిడ అనుకుని పక్కకి జరిగి దారిచ్చేస్తాడు."

హోజర్ మూటను రెండు చేతులతో పట్టుకుంది. వాగు అవతలికి వినబడే ఆ గొంతు పక్కనున్నవాళ్ళకు కూడా సరిగ్గా వినబడలేదు.

"నీకంటే నేనే ముందు పోతా కదే," అంది. "తెల్లతలతో వచ్చేది నీ పెళ్ళామే, పక్కకి జరక్కురా అని నేను చెప్పి ఉంచుతాలే వాడికి."

పలావు అయిందని రబియా అవ్వ లోపలికి పిలిచింది.